పని కోసం, ఆట కోసం ఒకే కీబోర్డు

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, దాని ముందు కూర్చునేవాళ్లం ముగ్గురం. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్న రోజుల్లో అమ్మ కన్నడ టైపు చేస్తుంది. నేను తెలుగు టైపు చేస్తాను. తమ్ముడు ఆడతాడు. నేనూ ఆడతాను, ఆ సంగతి ఇక్కడ దాచి లాభం లేదు, మన క్లాసులో సగం మందికి తెలుసు.

పాత కీబోర్డు మార్చాలి, ఈసారి మెకానికల్‌ది కొనాలి అనుకున్నప్పుడు అందరిలాగే నేనూ వీడియోలు చూశాను. వాళ్లందరూ చెప్పేది ఒకటే: టైపింగ్‌కి ఇది, గేమింగ్‌కి అది. టైపింగ్ అంటే వాళ్ల లెక్కలో ఇంగ్లీషు టైపింగ్. తెలుగు కొట్టే వేలికి ఏం కావాలో ఎవరూ చెప్పలేదు. అందుకని నాకు తెలిసింది ఇక్కడ గోడకి అతికిస్తున్నాను. మన డిపార్ట్‌మెంట్‌లో టైపింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకి పనికొస్తుంది.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మా వీధి చివర డీటీపీ షాపు ఉంది. అక్కడికొచ్చే పెళ్లి పత్రికల్లో చాలా వాటికి ఒకవైపు కన్నడ, ఒకవైపు తెలుగు. షాపు అన్నకి తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడం రాదు. తెలుగు వైపు నేను కొట్టి ఇస్తాను, పత్రికకి 100 రూపాయలు. కవిత్వం పుస్తకం లాంటిదేదైనా వస్తే పేజీకి 30. నా మెట్రో కార్డు, పుస్తకాలు అన్నీ అందులోంచే. కీబోర్డు కూడా.

పెళ్లి పత్రికలో ఉన్న చిక్కు ఏంటంటే, అందులో ఉండేవన్నీ పేర్లే. ఊరి పేరు, ఇంటి పేరు, తాతల పేర్లు, పెళ్లికూతురి పేరు. ఫోన్లో మనం ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అది తెలుగులోకి మార్చి పెడుతుంది, లేఖిని కూడా దాదాపు అదే పద్ధతి. మామూలు మాటలకి అది సుఖమే. కానీ ఫోను మన మాటని ఊహిస్తుంది, పేర్ల దగ్గర ఎవరూ ఊహించకూడదు. 500 కార్డులు అచ్చయి పసుపు రాసేశాక పెళ్లికూతురి పేరులో ఒత్తు ఎక్కువైందంటే ఆ ఇంట్లో ఏమవుతుందో నేను వివరించక్కర్లేదు. అందుకే ఏ అక్షరం కావాలో ఆ అక్షరాన్నే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను.

ఇన్‌స్క్రిప్ట్ 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఖరారు చేసిన కీల అమరిక. విండోస్‌లో ముందే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. చాలావరకు ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. కింది వరసలో మ, న, వ మాత్రం ఎడమ వైపుకి వచ్చాయి. దీని అసలు సుఖం ఇంకోటి ఉంది. బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపులకి ఇది ఒకే అమరిక. తెలుగు పెట్టుకుని కె నొక్కితే తెలుగు క, కన్నడ పెట్టుకుని అదే కె నొక్కితే కన్నడ క. ‘బెంగళూరు’ అని రెండు భాషల్లోనూ అవే ఎనిమిది కీలు, ళకి మాత్రం షిఫ్ట్. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, ఒకటి నేర్చుకుంటే రెండోది ఉచితం! (యూనికోడ్‌లో కూడా ఈ రెండూ పక్కపక్క ఇళ్లే. ఒక్కోదానికి 128 గదుల వరస, తెలుగు వరస అయిపోగానే కన్నడ మొదలవుతుంది.)

ఇక డి కీ దగ్గరికి వస్తాను, నా గొడవంతా దానితోనే.

ఇన్‌స్క్రిప్ట్‌లో డి అంటే పొల్లు. ఒత్తు ఉన్నచోటల్లా డి కొట్టాలి. క కొట్టి, డి కొట్టి, మళ్లీ క కొడితే క్క. ‘స్త్రీ’ రాయాలంటే స, డి, త, డి, ర, చివర దీర్ఘం, మొత్తం ఆరు దెబ్బలు, అందులో రెండు డీలు. షిఫ్ట్ పట్టుకుని డి కొడితే అ. అంటే ‘అమ్మ’కి రెండు డీలు, ‘అక్క’కి రెండు డీలు. ద్విత్వాలు లేకుండా తెలుగులో రెండు వాక్యాలు మాట్లాడి చూడండి. అన్నం తిన్నా, చెప్పు తొడిగినా, పిల్లని పిలిచినా డి పడాల్సిందే.

ఆటలో చూస్తే డబ్ల్యూ ముందుకి, ఎస్ వెనక్కి, ఎ ఎడమకి, డి కుడికి. నేను ఆడేది వాలరెంట్. అందులో పరిగెడుతూ కాలిస్తే గురి తప్పుతుంది, టక్కున ఆగి కాల్చాలి. కాబట్టి ఎ, డి కీలని ఎంత తేలిగ్గా నొక్కి ఎంత త్వరగా వదలగలిగితే అంత మంచిది. ఇవే నాలుగు కీలు తెలుగులో ఏమిటంటే డబ్ల్యూ ఐత్వం, ఎస్ ఏత్వం, ఎ ఓత్వం, డి పొల్లు. పగలు పత్రికలు కొట్టినా, రాత్రి ఆడినా బరువు మోసేది నా ఎడమ చేతి మూడు వేళ్లే. ఇంగ్లీషు టైపు చేసేవాళ్లకి పని ఒక రకం, ఆట ఒక రకం కావచ్చు. తెలుగు కొట్టేవాళ్లకి రెండూ ఒకే మూలలో జరుగుతాయి.

అయినా రెండింటికీ ఒకే కీబోర్డు కుదరడం అంత సులువు కాదు, ఎందుకో చెప్పాలంటే స్విచ్‌ల గురించి కాస్త చెప్పాలి.

మామూలు కీబోర్డు విప్పితే లోపల రబ్బరు పొర, ఒక్కో కీ కింద ఒక రబ్బరు బుడిపె. అది పూర్తిగా అణిగితేనే అక్షరం. మా పాతదాంట్లో ఆ రబ్బరు చచ్చిపోయి డి కీని గోరింటాకు నూరినట్టు నొక్కాల్సి వచ్చేది. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, దానిలో స్ప్రింగు, రెండు రేకులు. కీ దిగేది సుమారు 4 మిల్లీమీటర్లు, అక్షరం పడేది దాదాపు సగం దారిలోనే. జర్మనీ కంపెనీ చెర్రీ 1980లలో మొదలుపెట్టిన ఎమ్‌ఎక్స్ స్విచ్‌ల రంగులే ఇప్పటికీ అందరి లెక్క. వాళ్ల పేటెంట్ గడువు తీరాక గేట్‌రాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే ఆకారంలో చేసి అమ్ముతున్నాయి, మనలాంటివాళ్లకి అందుబాటులోకి వచ్చింది అందుకే. ఎరుపు స్విచ్ నూనె రాసినట్టు జారుతుంది, 45 గ్రాముల ఒత్తిడికే అక్షరం పడుతుంది. గోధుమ రంగుదానికి మధ్యలో చిన్న గతుకు తగులుతుంది. నీలానికి ఆ గతుకుతో పాటు టిక్ మనే చప్పుడు.

నీలం చప్పుడు మీరందరూ వినే ఉంటారు. బ్యాంకు కౌంటర్లలో, మందుల షాపు బిల్లింగ్ దగ్గర టకటకలాడే టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉంది చూశారా, అదే చప్పుడు. 2010లో మన రూపాయికి కొత్త గుర్తు వచ్చినప్పుడు ఆ ఏడాదే దాన్ని కీ మీద వేసి అమ్మింది కూడా వాళ్లే. అమ్మ ఓటు దానికే. “ఇరవై ఏళ్లు కొట్టినా ఏమీ కాదు, మా ఆఫీసులో చూడు” అంటుంది. నిజమే అయ్యుండొచ్చు. కానీ కంప్యూటర్ ఉన్నది హాల్లో, హిందూపురం నుంచి వచ్చిన అవ్వ పడుకునేదీ హాల్లోనే. ఒక ఫ్రెండ్ వాళ్ల అన్న దగ్గర నీలం స్విచ్‌ల కీబోర్డు ఒక రాత్రికి అడిగి తెచ్చాను. పదకొండున్నరకి అవ్వ లేచి కూర్చుంది. “ఏందే అది, బియ్యం డబ్బాలో ఎలుక పడినట్ల?” అంది. నీలం సంగతి అక్కడితో సరి.

మిగిలింది ఎరుపా, గోధుమా. ఆడేవాళ్లందరూ ఎరుపే అంటారు. ఆటలో డి తేలిగ్గా ఉండాలి, ఎరుపు తేలిక. తెలుగులో డి మరీ తేలిగ్గా ఉండకూడదు. ఎందుకంటే మధ్య వేలు ఎప్పుడూ ఆ కీ మీదే ఆని ఉంటుంది. వేలు అలిసి కాస్త బరువు పడిందంటే అనుకోకుండా ఒక పొల్లు పడుతుంది. ఇంగ్లీషులో అనుకోకుండా ఒక డి పడితే మాట మధ్యలో డి కనిపిస్తుంది, కింద ఎర్ర గీత వస్తుంది. తెలుగులో పొల్లు పడితే కనిపించదు, పక్క అక్షరంతో కలిసిపోయి ఒత్తై కూర్చుంటుంది. ‘కమల’ కాస్తా ‘కమ్ల’ అవుతుంది. చూడ్డానికి అదీ పేరులాగే ఉంటుంది, ఎవరి కన్నూ ఆగదు. పేర్లకి ఎర్ర గీతలు నమ్మడానికి లేదు కాబట్టి కంప్యూటర్ కూడా కాపాడదు.

ఇన్ని లెక్కలతో ఒక శనివారం ఎస్.పి. రోడ్డుకి వెళ్లాం, నేనూ ఇంకో స్నేహితురాలూ. (ఎస్.పి. అంటే సదర్ పత్రప్ప. ఆ రోడ్డులో రోజూ తిరిగేవాళ్లని అడిగినా చాలామంది చెప్పలేరు, పందెం వేసుకోండి.) మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచాం. ఒక షాపులో కాదు, ఆరు షాపుల్లో చూశాం. నాలుగింట్లో మొదటి ప్రశ్న ఒకటే: “యారిగె మేడం, తమ్మనిగా?” ననగే అన్నాను. “ఆఫీసిగా?” ఆటక్కూడా అన్నాను. అప్పుడు వాళ్లు వెంటనే గులాబీ రంగుది తీశారు. నాలుగు చోట్లా గులాబీ రంగుదే తీశారు, ఇది నేను కల్పించి రాయడం లేదు.

నిజం చెప్పాలంటే అది చాలా బావుంది. చిన్నగా, 61 కీలతో, బ్యాగులో పట్టేలా, కింద దీపాలతో. ఈమధ్య అందరి బల్లల మీదా కనిపించే రకం. నా స్నేహితురాలు అప్పటికే ఫోటో తీసేసింది. నేను ఎడమ వైపు పై మూల చూశాను. పెద్ద కీబోర్డుల్లో అంకెల వరస మొదట్లో, ఒకటికి ఎడమ పక్కన, ఎవరూ పట్టించుకోని ఒక కీ ఉంటుంది. ఇంగ్లీషువాళ్లకి అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అందుకని 61 కీలవాటిలో ఆ చోటు ఎస్కేప్‌కి ఇచ్చేస్తారు, పాత కీ కావాలంటే ఎఫ్‌ఎన్ పట్టుకుని దాన్ని నొక్కాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ కీ ఏమిటో తెలుసా? ఒత్వం. షిఫ్ట్‌తో ఒ. హిందీకి హ్రస్వ ఎ, హ్రస్వ ఒ అవసరం లేదు, మనకి కావాలి, వాటిని అంచుల్లో సర్దారు. ఎత్వం జెడ్ మీద, ఒత్వం ఆ మూల. ఆ కీ లేకపోతే కొత్త, కొడుకు, పొద్దు, రొట్టె, కొంచెం, ఒకటి, ఏది రాయాలన్నా ప్రతిసారీ కుడి చేయి ఎఫ్‌ఎన్ దగ్గరికి పరిగెత్తాలి. పెళ్లి పత్రికలో ‘కొడుకు’ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకోండి.

ఇది చెబితే ఆరో షాపులో ఆయన మొదట నవ్వాడు. తర్వాత తన కంప్యూటర్లో కన్నడ ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ఆ 61 కీలదాన్ని తగిలించి ‘కొడు’ అని కొట్టి చూశాడు. ఎస్కేప్ పడి కిటికీ మూసుకుంది. “ఇదువరెగె యారూ కేళిల్ల” అని, గులాబీ రంగుది తీసి పక్కన పెట్టి, లోపలి నుంచి తొమ్మిది స్విచ్‌లు బిగించిన చిన్న పలక తెచ్చాడు. కొనేముందు వేలు పెట్టి చూసుకునే పలక అది. అలాంటిది ఉందని ముందు ఐదు షాపుల్లో ఎవరూ చెప్పలేదు. మీరు వెళితే అడగండి.

నేను కొన్నది 87 కీలది. పక్కన లెక్కల అంకెలు ఉండవు, మిగతావన్నీ ఉంటాయి, ఆ మూల కీతో సహా. అంకెల భాగం లేకపోతే మౌసుకి చోటు దొరుకుతుంది, ఆటకి అదే కావాలి. ధర 2,800. స్విచ్‌లు ఎరుపు. అయితే ఇది హాట్ స్వాప్ రకం, అంటే టంకం పని లేకుండా స్విచ్‌ని పీకి ఇంకోటి గుచ్చుకోవచ్చు. దాంతో పాటు గోధుమ రంగువి పది విడిగా తీసుకున్నాను, 320 అయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. స్విచ్‌ల కింద కొన్నింటికి మూడు కాళ్లు, కొన్నింటికి ఐదు. తక్కువ ధర కీబోర్డుల్లో కొన్ని ఒక కంపెనీ స్విచ్‌లనే పట్టనిస్తాయి. షాపులోనే ఒకటి గుచ్చి చూపించమనండి. ఇంకా డబ్బా మీద ఎన్-కీ రోల్‌ఓవర్ అని ఉందో లేదో చూడండి. మా పాతదాంట్లో షిఫ్ట్, డబ్ల్యూ, స్పేస్ కలిపి నొక్కితే మూడోది పడేది కాదు, తమ్ముడు ఓడినప్పుడల్లా దాన్నే తిట్టేవాడు. కొత్తదాంట్లో ఆ వంక లేదు, ఓటమి మాత్రం అలాగే ఉంది.

ఆ పది గోధుమ స్విచ్‌లు ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. డి ఒక్కదానికే పెడితే ఆటలో ఎడమకి ఒక బరువు, కుడికి ఒక బరువు అవుతుంది, వేలికి అయోమయం. అందుకని డబ్ల్యూ, ఎ, ఎస్, డి నాలుగింటికీ. గుణింతాలు ఉండే ఇ, ఆర్, జి, టి లకి నాలుగు. ఒత్వం మూలకి ఒకటి. మిగిలింది ఒకటి. దాన్ని జెడ్‌కి పెడదామనుకున్నాను, అమ్మ ఎఫ్‌కి అడిగింది.

ఎందుకంటే అమ్మ కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ కాదు, నుడి. కర్ణాటక ప్రభుత్వ ఆఫీసుల్లో వాడేది అదే, కె.పి. రావు గారి అమరిక ఆధారంగా వచ్చింది. అందులో ఒత్తుకి డి కాదు, ఎఫ్. అక్క అని కొట్టాలంటే అమ్మకి ఎ, కె, ఎఫ్, కె. ఒకే ఇంట్లో ఒకే ఒత్తు, అమ్మకి చూపుడు వేలు, నాకు మధ్య వేలు. అమ్మ ఆ కీబోర్డు మీద ఐదు నిమిషాలు కొట్టి, “ఎఫ్ మరీ జారుతోంది, తెలియకుండానే పడిపోతోంది” అంది. నేను నెల రోజులు ఆలోచించి కనిపెట్టింది అమ్మ వేలు ఐదు నిమిషాల్లో చెప్పేసింది. పదోది ఎఫ్‌కే పెట్టాం.

ఇది పెట్టి రెండు నెలలైంది. గోధుమ గతుకు తగిలినప్పుడే నేను కావాలని కొట్టిన పొల్లు. తగలకుండా పడదు. ఆటలో నాకేమీ తగ్గినట్టు లేదు, నేనేమీ పోటీలకి ఆడేదాన్ని కాదు. తమ్ముడు మొదట మూతి ముడిచాడు, వాడి స్నేహితులందరికీ మొత్తం ఎరుపే. డబ్బులు ఎవరివి అన్నాను. ఇప్పుడు మాట్లాడటం లేదు, ఆడుతున్నాడు. చప్పుడు పూర్తిగా పోలేదు, గట్టిగా అడుక్కి కొడితే ఏ రంగైనా టప్ మంటుంది. కింద పాత టవల్ పరిచాం. అవ్వ ఇప్పుడు లేవదు, లేచినా నా కోసమే లేస్తుంది. పత్రికలోని ఇంటి పేర్లు నేను పైకి చదివితే పడుకునే సరిచేస్తుంది. హిందూపురం చుట్టుపక్కల ఎవరి ఇంటి పేరులో ఒత్తు ఎక్కడుందో అవ్వకి తెలిసినట్టు ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు.

దొరకనిది ఒకటే, తెలుగు అక్షరాలు అచ్చువేసిన కీక్యాప్‌లు. మేము తిరిగిన ఆరు షాపుల్లో జపాన్ అక్షరాలవి మూడు రకాలు చూశాం, తెలుగువి గానీ కన్నడవి గానీ ఒక్కటీ లేవు. జపనీస్ రానివాళ్లే అందంగా ఉంటాయని అవి కొంటున్నారట. తెలుగు స్టిక్కర్లు దొరుకుతాయి, కానీ అంటిస్తే కింది దీపం మూసుకుపోతుంది, చెమటకి అంచులు లేస్తాయి. నేను ఏమీ అంటించలేదు. ఎఫ్ మీద, జె మీద చిన్న గీతలు ఉంటాయి కదా, చీకట్లో కూడా తగులుతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ అంటే గుడి, జె అంటే ర. చూపుడు వేళ్లు ఆ రెండింటి మీద పెట్టి ‘రి’ కొట్టి మొదలుపెడితే మిగతావి వాటి చుట్టూ వస్తాయి. నాకు మూడు వారాలు పట్టింది.

వచ్చే బుధవారం గోడపత్రిక పని ఉన్నప్పుడు కీబోర్డు డిపార్ట్‌మెంట్ గదికి తెస్తాను, మేడమ్‌ని అడిగాను, సరే అన్నారు. ఎరుపు, గోధుమ రెండూ అందులోనే ఉన్నాయి, వేలు పెట్టి చూసుకోండి. పీకి చూడాలనుకుంటే అదీ చూడొచ్చు, పీకే పట్టకారు కూడా తెస్తాను. ఎస్కేప్ కింది కీ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ వారం నా దగ్గర మూడు పత్రికలు ఉన్నాయి, మూడింట్లోనూ కొడుకుల పెళ్లిళ్లే.